విజయవాడలో పెళ్లికి ఐదు గదులు కావాలి, యాప్‌లో రేట్లు చూస్తే టెన్షన్‌గా ఉంది

ధర్మవరం_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్లి విజయవాడలో. కల్యాణ మండపం బెంజ్ సర్కిల్ దగ్గర. ముహూర్తం ఆదివారం తెల్లవారుజామున 3 గంటల 20 నిమిషాలకు. మా వైపు నుంచి పద్నాలుగు మంది వస్తున్నాం. అందులో పెద్దవాళ్లు ఇద్దరు, పిల్లలు ఐదుగురు. శనివారం తెల్లవారుజామున రైలు దిగుతాం, ఆదివారం సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం.

ఒక యాప్‌లో 4,200 కొట్టేసి 1,799 అని చూపించారు. బాగానే ఉందని చివరి పేజీ దాకా వెళ్తే 2,164 అయింది. ట్యాక్స్ 90, సర్వీస్ ఫీజు 236, నేను అడక్కుండానే టిక్ పెట్టి ఉన్న ట్రిప్ ప్రొటెక్షన్ 39. పైన ఎర్ర అక్షరాలతో "ఈ రేటుకి ఇంకా 2 గదులే ఉన్నాయి" అని ఒకటే హడావుడి. ఐదు గదులు కావాలని కొడితే మాత్రం ఐదూ ఇస్తానంటోంది! ఇంట్లో అందరూ బుక్ చేసెయ్ బుక్ చేసెయ్ అంటున్నారు. ఆ ఊరు మాకు కొత్త. తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక_కుర్రోడు

ఆగండక్కా, ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందు మీ పిన్నిగారిని ఒక్క మాట అడగండి: మండపంతో పాటు ఎన్ని గదులు వస్తున్నాయి? ఇక్కడ చాలా మండపాల అద్దెలోనే కొన్ని గదులు కలిపి ఉంటాయి. మగపెళ్లివారి విడిదికి పోగా ఒకటో రెండో మిగులుతాయి. చాలామంది అడగరు, అవి తాళం వేసి అలాగే ఉంటాయి.

కౌంటర్_బాబాయ్

అమ్మా, గాంధీనగర్‌లో ఒక హోటల్ రిసెప్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. కౌంటర్ అవతలివైపు ఏం జరుగుతుందో చెబుతాను, మీ పని తేలికవుతుంది.

కొట్టేసిన ఆ 4,200ని అసలు పట్టించుకోకండి. ఆ రేటుకి గది తీసుకున్నవాళ్లని నేను చూడలేదు. మీరు చూడాల్సింది చివరి పేజీలో వచ్చే మొత్తం ఒక్కటే. రెండు యాప్‌లు పోల్చినా, యాప్‌నీ హోటల్‌నీ పోల్చినా చివరి మొత్తాన్ని చివరి మొత్తంతోనే పోల్చాలి.

యాప్‌లో 2,000 గది అమ్ముడైతే హోటల్‌కి 2,000 రాదు. కమిషన్ వందకి పదిహేను, ఇరవై, కొన్నిచోట్ల ఇంకా పైనే పోతుంది. ఇరవై అనుకుంటే హోటల్ చేతికి వచ్చేది 1,600. అందుకే మీరు నేరుగా ఫోన్ చేసి 1,750కి ఇస్తారా అంటే మేనేజర్ ఆలోచిస్తాడు. మీకు 250 తగ్గింది, ఆయనకి 150 ఎక్కువ వచ్చింది. ఇద్దరికీ లాభమే కాబట్టి అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఒకప్పుడు ఇంత సులువు కాదు. యాప్‌లో ఉన్న రేటు కంటే తక్కువకి ఇంకెక్కడా, సొంత వెబ్‌సైట్‌లో కూడా, అమ్మకూడదని ఒప్పందాల్లో రాయించుకునేవారు. దీనిమీద హోటళ్లవాళ్లు కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ న్యాయంగా ఉందో లేదో చూసే ప్రభుత్వ సంస్థ) దాకా వెళ్లారు. 2022 అక్టోబరులో కమిషన్ మేక్‌మైట్రిప్, గోఐబిబోల మీద 223.48 కోట్లు, ఓయో మీద 168.88 కోట్లు జరిమానా వేసింది. ఆ రేటు షరతుల్ని ఒప్పందాల నుంచి తీసేయమని మేక్‌మైట్రిప్, గోఐబిబోలకు చెప్పింది. చిన్న హోటళ్లవాళ్లు ఎంత నలిగిపోయి అక్కడిదాకా వెళ్లారో నాకు తెలుసు.

ఫోన్ చేసేటప్పుడు రాత్రి పది తర్వాతో, ఉదయం ఖాళీ చేసే వేళలోనో చేయకండి. మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య చేయండి. అప్పుడు కౌంటర్ ఖాళీగా ఉంటుంది, మేనేజర్ కూడా సీట్లో ఉంటాడు. "తగ్గిస్తారా" అని మొదలుపెట్టకండి. "ఐదు గదులు, పెళ్లి, శనివారం. ట్యాక్స్‌తో కలిపి ఎంత? డైరెక్టుగా వస్తే ఎంత?" అని అడగండి. ఐదు గదులు అనగానే మాట మారుతుంది.

వన్‌టౌన్_వాసి

బాబాయ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. గదికి రేటు కంటే ముందు టైము అడగండి. 24 గంటల చెక్‌అవుటా, మధ్యాహ్నం 12 గంటల చెక్‌అవుటా? మీకు డబ్బు పోయేదీ మిగిలేదీ అక్కడే.

లెక్క చూడండి. 12 గంటల పద్ధతి ఉన్న హోటల్‌కి శనివారం ఉదయం 5కి వెళ్తే శుక్రవారం రాత్రి అద్దె కూడా అడుగుతారు. ఆదివారం సాయంత్రం దాకా ఉంటే మరో రోజు. అంటే ఒకటిన్నర రోజుకి మూడు రోజుల అద్దె. ఐదు గదులకి పదిహేను అద్దెలు.

గవర్నర్‌పేట, గాంధీనగర్, వన్‌టౌన్ పాత లాడ్జీల్లో చాలావాటికి 24 గంటల పద్ధతి. మీరు ఎప్పుడు దిగితే అప్పటినుంచి లెక్క. కానీ 5 గంటలకే ఐదు గదులూ తీసుకోకండి. మర్నాడు ఉదయం 5కి, మీరు పెళ్లి పందిట్లో ఉండగానే, గడువు అయిపోయి రెండో రోజు అద్దె మొదలవుతుంది. ముందు ఒక్క గది తీసుకోండి, పెద్దవాళ్లూ పిల్లలూ కాస్త నడుం వాలుస్తారు. మిగతావాళ్లు సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టి (బ్యాగులకి తాళం ఉండాలి, టికెట్ చూపించాలి), స్నానాలు వంతులవారీగా ఆ ఒక్క గదిలోనే కానిచ్చి అమ్మవారి దర్శనానికి వెళ్లి రండి. మిగతా నాలుగు గదులూ పదింటికి తీసుకోండి. అవి ఆదివారం ఉదయం పది దాకా మీవే. పెళ్లి చూసి వచ్చి, ఓ కునుకు తీసి, మూడు గదులు ఖాళీ చేసి సామానంతా మిగతా రెండింట్లోకి సర్దేయండి. మొత్తం ఏడు అద్దెలతో అయిపోతుంది.

బ్రాడీపేట_పద్మ

వన్‌టౌన్ గారూ, ఏడు అద్దెల లెక్క చాలా బాగుంది. నేను పిల్లల గురించి చెబుతాను. యాప్‌లో పిల్లల వయసులు కచ్చితంగా కొట్టండి. పిల్లలు లేరని బుక్ చేసి అక్కడికి వెళ్తే కౌంటర్లో ఎక్స్‌ట్రా పర్సన్ అని ఒక్కొక్కరికీ విడిగా వేస్తారు. ఎన్నేళ్ల దాకా ఫ్రీ అనేది హోటల్‌కీ హోటల్‌కీ తేడా, ఐదేళ్ల దాకా అనేవాళ్లే ఎక్కువ.

అసలు మీకు ఐదు గదులు ఎందుకమ్మా? పాత లాడ్జీల్లో నాలుగు పడకల గదులుంటాయి. యాప్‌లో అవి కనిపించవు, అక్కడ అంతా డబుల్ రూములే. ఫోన్లో "ఫోర్ బెడ్ ఏసీ ఉందా" అని అడగండి. రెండు ఫోర్ బెడ్లు, రెండు డబుల్స్, మంచాల పక్కన రెండు పరుపులు వేయించుకుంటే పద్నాలుగు మందికి సరిపోతాయి.

విమానం_పురం

అందరూ ఫోన్ చేయమంటున్నారు. నేను ఒప్పుకోను. ఫోన్లో చెప్పిన రేటు కౌంటర్ దగ్గర ఉండదు. "ఎవరు చెప్పారు సార్? ఆయన డ్యూటీ అయిపోయింది" అంటారు. అందులోనూ మంచి ముహూర్తం రోజు. పిల్లాపాపలతో నిలబడి గొడవపడగలమా? యాప్‌లో అయితే బుకింగ్ నంబరు ఉంటుంది, నలుగురూ రాసిన రివ్యూలు చదవొచ్చు, ఫ్రీ క్యాన్సిలేషన్ తీసుకుంటే డబ్బు వెనక్కి వస్తుంది. నాలుగు వందలు ఎక్కువైనా నిశ్చింత.

కౌంటర్_బాబాయ్

మీరన్న ఇబ్బంది నిజమే బాబూ. అందుకే నోటిమాటతో వదలకూడదు. రేటు కుదిరాక హోటల్ నంబరుకి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాలి: తేదీ, దిగే టైము, ఎన్ని గదులు, ఏసీనా నాన్ ఏసీనా, ట్యాక్స్‌తో కలిపి ఎంత, 24 గంటలా కాదా. వాళ్లు "ఓకే కన్‌ఫర్మ్‌డ్" అని జవాబిచ్చాక ఒక రోజు అద్దె అడ్వాన్స్ పంపి రశీదు ఫొటో తీసి పంపమనాలి. అది చేతిలో ఉంటే డ్యూటీ మారినా రేటు మారదు.

ఇంకో దారి ఉంది. ముందు ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న గదులు యాప్‌లో పట్టుకోండి, గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. ఆలోగా నేరుగా మంచి రేటు దొరికితే యాప్‌లోవి వదిలేయండి. ఇద్దరికి ఒకే పూట గది చాలనుకుంటే యాపే సుఖం, నేనూ అదే చెబుతాను. ఐదు గదులు, వేళకాని వేళ దిగడం, పిల్లలు అన్నప్పుడే ఫోన్ పనికొస్తుంది.

జీఎస్టీ_గుమాస్తా

ట్యాక్స్ సంగతి నేను చెబుతాను, ఇక్కడే చాలామంది తెలియక కట్టేస్తున్నారు.

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. 7,500 దాటితే 18. కాబట్టి మీ 1,799కి 90 సరిగ్గానే వేశారు. బిల్లులో 2.5, 2.5 అని సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి చూపించాలి. ఎవరైనా ఇంకా 12 వేస్తే అక్కడే అడగండి, ఆ రేటు ఇప్పుడు లేదు.

బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. ఆంధ్రప్రదేశ్ హోటల్ అయితే అది 37తో మొదలవుతుంది. నంబరు లేని లాడ్జి మీ దగ్గర జీఎస్టీ తీసుకోకూడదు. ఏడాది వ్యాపారం 20 లక్షల లోపు ఉన్న చిన్న లాడ్జీలకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ అదే లాడ్జి గదిని యాప్‌లో తీసుకుంటే యాప్ సంస్థే ట్యాక్స్ కట్టాలి కాబట్టి మీ దగ్గర వసూలు చేస్తారు. నేరుగా వెళ్తే ఆ 5 శాతం కూడా ఉండదు.

మీరు చెప్పిన 236 ఉంది చూశారా, అది 200 ఫీజు, దానిమీద 18 శాతం. ఫీజుకి గది రేటుతో సంబంధం లేదు, దాని ట్యాక్స్ వేరు.

పెద్ద హోటల్‌కి వెళ్లేవాళ్లకి ఒక మాట. గది 7,500 అయితే ట్యాక్స్‌తో 7,875. అదే 7,600 అయితే 8,968. వంద రూపాయల తేడాకి వెయ్యి పైన పోతుంది! బ్రేక్‌ఫాస్ట్ కలిపిన రేటుతో 7,500 దాటుతుంటే, టిఫిన్ లేని రేటు అడగండి. వోచర్ మీద ఈపీ అని ఉంటే గది మాత్రమే, సీపీ అని ఉంటే టిఫిన్‌తో కలిపి. బెజవాడలో ఉండి హోటల్ బఫేలో చల్లారిన ఇడ్లీ తినడం ఎందుకు, వీధి చివర వేడివేడి పెసరట్టు దొరుకుతుంటే!

ధర్మవరం_అమ్మాయి

ఇంత వివరంగా చెప్పిన అందరికీ చాలా థాంక్స్. పిన్నిని అడిగాను. మండపంతో నాలుగు గదులు వస్తున్నాయట, మూడు విడిదికి పోగా ఒకటి మాకు ఇస్తానంది. అమ్మమ్మా తాతయ్యా అందులో ఉంటారు, మెట్లెక్కే బాధ లేదు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జికి మధ్యాహ్నం ఫోన్ చేశాను. 24 గంటల పద్ధతే. ఫోర్ బెడ్ ఏసీ ట్యాక్స్‌తో 2,300, డబుల్ 1,500 అన్నారు. రెండు ఫోర్ బెడ్లు, రెండు డబుల్స్ అన్నాక డబుల్ 1,400కి దిగారు. వాట్సాప్‌లో రాయించుకుంటున్నాను.

ఒక అనుమానం. తెల్లవారుజామున తీసుకునే ఆ ఒక్క గదికి బదులు రైల్వే రిటైరింగ్ రూమ్ దొరుకుతుందా?

వన్‌టౌన్_వాసి

ప్రయత్నించండి. టికెట్ కన్‌ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ అయితే ఆ పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీ సైట్‌లో బుక్ చేయొచ్చు. బెజవాడ జంక్షన్‌లో అవి త్వరగా అయిపోతాయి, టికెట్ తీసుకున్న రోజే చూసుకోవాలి. 2024 జులై నుంచి రిటైరింగ్ రూమ్‌కీ క్లోక్‌రూమ్‌కీ జీఎస్టీ కూడా లేదు.

నరసరావుపేట_నాగు

నాది పెళ్లి కాదు, ఆసుపత్రి. గుంటూరు కొత్తపేటలో మా నాన్నగారికి ఆపరేషన్. అటెండర్లం ఇద్దరం, పది పదిహేను రోజులు ఉండాలి. రోజూ గది రేటు మారుతోంది. ఏం చేయాలి?

బ్రాడీపేట_పద్మ

నాగు గారూ, మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలి. రోజువారీ అద్దెకి అస్సలు ఉండకండి. వారం రేటు అడగండి, ఇస్తారు. ఆసుపత్రి ఎదురుగా ఉన్న లాడ్జిలో అడిగితే మన అవసరం వాళ్లకి తెలిసిపోతుంది. అరండల్‌పేట, బ్రాడీపేట లైన్లలోకి వస్తే కాస్త తగ్గుతుంది, ఆటోకి పెద్ద దూరం కాదు. వారం దాటితే ఒక చిన్న వంటగది ఉన్న పోర్షన్‌గానీ సర్వీస్ అపార్ట్‌మెంట్‌గానీ చూడండి. గది అద్దె కంటే రెండు పూటలా బయట భోజనానికి అయ్యేదే ఎక్కువ, పైగా పేషెంటుకి జావ, మెత్తటి అన్నం ఎక్కడ దొరుకుతాయి? ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో కూడా అడగండి, అటెండర్ల కోసం చుట్టుపక్కల ఎక్కడ తక్కువకి ఇస్తారో వాళ్లకి తెలుస్తుంది.

మిర్చి సీజన్ అయితే తొందరపడండి. ఫిబ్రవరి నుంచి యార్డుకి సరుకు పోటెత్తుతుంది, బయటి రాష్ట్రాల వ్యాపారులు దిగుతారు, ఊళ్లో మంచి గదులు ముందే నిండిపోతాయి. డిశ్చార్జి ఎప్పుడో తెలియదు కాబట్టి మొత్తం డబ్బు ముందే కట్టకండి. వారం వారం కట్టండి, మిగిలిన రోజుల అద్దె వెనక్కి ఇస్తారా లేదా అని మొదటిరోజే రాయించుకోండి.

కృష్ణలంక_కుర్రోడు

ఇంకో జాగ్రత్త. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే ప్రతి ఫోన్ నంబరూ హోటల్‌ది కాదు. మా స్నేహితుడొకరు దేవస్థానం గది అనుకుని ఇంటర్నెట్‌లో దొరికిన నంబరుకి అడ్వాన్స్ పంపాడు. వచ్చిన రశీదు మీద దేవస్థానం బొమ్మ కూడా ఉంది, తీరా వెళ్తే అలాంటి బుకింగే లేదు. దేవస్థానం గదులు దేవస్థానం సొంత సైట్‌లోనో, అక్కడి కౌంటర్లోనో మాత్రమే తీసుకోండి. లాడ్జికి డబ్బు పంపేముందు యూపీఐలో వచ్చే పేరు చూడండి. లాడ్జి పేరో, యజమాని పేరో కాకుండా ఎవరిదో ముక్కూమొహం తెలియని పేరు వస్తే ఆపేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే ఆపగలుగుతారు.

స్టేషన్ బయట "మంచి లాడ్జి చూపిస్తా" అనే ఆటో అన్నల వెంట వెళ్లకండి. వాళ్ల కమిషన్ మన బిల్లులోకే వస్తుంది.

జీఎస్టీ_గుమాస్తా

దేవస్థానం మాట వచ్చింది కాబట్టి: గుడి ట్రస్టులు గుడి ప్రాంగణంలో ఇచ్చే గదులకి రోజుకి 1,000 లోపు అద్దె అయితే జీఎస్టీ లేదు. 2022 ఆగస్టులో అమృత్‌సర్ సరాయిల విషయంలో కేంద్రం దీన్ని స్పష్టంగా చెప్పింది.

మంగళగిరి_మాధవి

పెళ్లి రోజు విజయవాడ నిండిపోతే మంగళగిరి, తాడేపల్లి కూడా చూడమని కొందరు అంటారు. పగటిపూట పనికి అది బాగుంటుంది, రేటు తగ్గుతుంది. మీకు మాత్రం వద్దు. తెల్లవారుజాము ముహూర్తానికి పద్నాలుగు మంది వారధి దాటి రావాలంటే మూడు కార్లు కావాలి, మిగిలింది కాస్తా వాటికే పోతుంది. ఆషాఢంలోనో మూఢంలోనో వచ్చేవాళ్లకి ఈ బాధే లేదు. ముహూర్తాలు లేని రోజుల్లో బందరు రోడ్డు మీది మంచి హోటళ్లు కూడా దిగివస్తాయి. దర్శనానికి వచ్చేవాళ్లు అప్పుడు పెట్టుకోవచ్చు.

విమానం_పురం

దసరాకి ఇంకో రకం అన్యాయం చూశాను. నెలల ముందు "పే ఎట్ హోటల్" అని బుక్ చేసుకున్న గదిని, మూలా నక్షత్రం దగ్గరపడగానే "టెక్నికల్ ప్రాబ్లం" అని హోటల్‌వాళ్లే క్యాన్సిల్ చేశారు. అదే రోజుకి అదే గది మూడింతల రేటుకి కనిపించింది. ఇది చూస్తే ఒళ్లు మండింది. మనం ఏమీ చేయలేమా?

కౌంటర్_బాబాయ్

చేయగలం. ఆ పండగ రోజులకి పే ఎట్ హోటల్ నమ్ముకోకండి. డబ్బు కట్టని బుకింగ్‌నే ముందు తీసేస్తారు. కొంతైనా కట్టి ఉంచండి. వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి హోటల్‌కి ఫోన్ చేసి బుకింగ్ నంబరు చెప్పి మీ పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో అడగండి. తీసేశారని తెలిస్తే ముందు ఆ పెరిగిన రేటు కనిపించే పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. యాప్‌వాళ్లని అదే తరగతి గది వేరేచోట అదే రేటుకి ఇప్పించమని అడగండి. రాతలో అడగాలి, ఫోన్లో కాదు.

జీఎస్టీ_గుమాస్తా

వాళ్లు వినకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. స్క్రీన్‌షాట్లు అక్కడే పనికొస్తాయి. అమ్మాయి గారు మొదట రాసిన మూడు సంగతులూ కూడా ఫిర్యాదు చేయదగ్గవే. 2023 నవంబరు 30న కేంద్రం డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్లని మభ్యపెట్టే యాప్, సైట్ ఎత్తుగడల) మీద మార్గదర్శకాలు ఇచ్చింది, మొత్తం 13 రకాలు. "2 గదులే ఉన్నాయి" అని అబద్ధపు తొందర పెట్టడం, అడక్కుండా బుట్టలో వస్తువు వేయడం, అసలు ధర చివరిదాకా దాచి కొంచెం కొంచెంగా పెంచడం, ఈ మూడూ అందులో పేరుపేరునా ఉన్నాయి.

అలాగే హోటల్లో భోజనం చేస్తే బిల్లులో సర్వీస్ ఛార్జి దానంతటది వేయకూడదని 2022 జులైలో వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. వేసి ఉంటే తీసేయమనండి.

నరసరావుపేట_నాగు

పద్మక్కా, బ్రాడీపేటలో వారం రేటుకి దొరికింది. కింద మెస్‌లో జావ కూడా కాచి ఇస్తామన్నారు. ఒక్కటి అడగాలి, మధ్యలో డిశ్చార్జి అయితే మిగతా రోజుల డబ్బు ఇస్తామని నోటితో అన్నారు, రాసి ఇవ్వమంటే నవ్వుతున్నారు. ఏమనాలి?

బ్రాడీపేట_పద్మ

తమ్ముడూ, గొడవపడకండి. "మా అన్నయ్యకి లెక్క చెప్పాలండీ" అని మీరే వాట్సాప్‌లో రెండు లైన్లు రాసి పంపండి, సరేనని బదులు పెట్టమనండి. పెట్టాకే రెండో వారం డబ్బు ఇవ్వండి.